బోణి కాకముందు అడిగిన ప్రశ్న

ఆ సోమవారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తేటప్పటికి రామచంద్రం చేతిలో ఒక తాళపుగుత్తి, ఒక మాట ఉన్నాయి. తాళపుగుత్తి ఆయన సంపాదించుకున్నది. మాట మాత్రం తండ్రి వీరమల్లయ్య ఇచ్చిపోయింది. "మన గురించి పార్లమెంటుల మాట్లాడిండ్రు బిడ్డా" అని ఆయన బతికినన్నాళ్లు అనేవాడు. ఏం మాట్లాడారో ఆయన చెప్పలేదు, కొడుకు అడగలేదు. దుకాణం వెనక గల్లీలో ఆడపిల్లల హైస్కూలు ఉంది కాబట్టి, ఆ బడిని పార్లమెంటు దాకా పోయి తెప్పించింది తన తండ్రేనని మిగతా సగం రామచంద్రమే కలుపుకున్నాడు. జనగామ స్టేషన్ రోడ్డులో ఆయన దగ్గర స్టీలు గిన్నె కొన్న ప్రతివాళ్లూ ఈ మాటను కూడా ఉచితంగా మోసుకుపోయారు.

ఇప్పుడా మాటకు పని పడింది. బడిలో కొత్తగా లైబ్రరీ గది కట్టారు. దానికి ఎవరి పేరు పెట్టాలో ఆ సాయంత్రం బడి కమిటీ తేల్చాలి. ఆ గోడ మీద తండ్రి పేరు చూసుకోవాలన్నది రామచంద్రం ఆశ. పోటీలో ఉన్నది బట్టల దుకాణం చందూలాల్. ఆయన బడికి ఫ్యాన్లు ఇచ్చి, ఒక్కో రెక్క మీద తన తండ్రి పేరు రాయించాడు. ఫ్యాను తిరుగుతుంటే పేరు కనపడదు, ఆపితే పిల్లలు ఊరుకోరు. అందుకని ఆయనకు ఇప్పుడు గోడ కావాలి. రామచంద్రం లెక్కలో ఫ్యాన్ల కంటే పార్లమెంటు బరువైనది. సాయంత్రం దుకాణం కాస్త ముందుగా కట్టేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీటింగులో ఆ మాట ఒకసారి గట్టిగా చెప్పి రావడమే ఆనాటి ఏర్పాటు.

రామచంద్రం దుకాణానికి ఒక నియమం ఉంది. బోణి కాకముందు నోటి నుంచి 'లేదు' అన్న మాట రాకూడదు. అడిగిన గిన్నె లేకపోతే "గోదాంల ఉన్నది, తెప్పిస్త" అనాలి. తర్వాత పక్క దుకాణం నుంచి తెప్పించుకోవాలి. ఇదీ తండ్రి నేర్పిందే. దీనివల్ల ఇన్నేళ్లలో ఎప్పుడూ నష్టం రాలేదు. ఎందుకంటే ఇన్నేళ్లలో పొద్దున్నే వచ్చి ఎవరూ గిన్నెలు తప్ప మరొకటి అడగలేదు.

ఆనాడు మొదట వచ్చింది ఓదెమ్మ. ఆమె రామచంద్రం దుకాణం మూల మీద కూరగాయల బండి పెట్టుకుంటుంది, బడి కమిటీకి చైర్మన్ కూడా. నిజానికి ఆమెకు గది పేరుతో పనిలేదు. ఆమె మనుమరాలు భాగ్య పదో తరగతిలో ఉంది. బడులు తెరిచినప్పటి నుంచి బడిలో లెక్కల సారు లేడు. ఆ సంగతి మీద ఓదెమ్మ పెట్టిన అర్జీలకు జవాబు లేదు గానీ, గదికి పేరు తొందరగా తేల్చమని మాత్రం పైనుంచి కాగితం వచ్చింది.

"సేటూ, పప్పు గరిటె ఒకటి తియ్యి" అంది.

రామచంద్రం గరిటె తీసి తుడుస్తున్నాడు.

"మీ బాపు ముచ్చట పార్లమెంటుల నడిచిందంటవు గదా. గా కాయితం ఉన్నదా?"

గల్లా పెట్టె ముందు ఊదుబత్తి ఇంకా సగం కూడా కాలలేదు. గరిటె ఆయన చేతిలోనే ఉంది, పైసలు ఆమె కొంగులోనే ఉన్నాయి.

"ఉన్నది" అన్నాడు రామచంద్రం.

"ఏడున్నది?"

"గోదాంల ఉన్నది. తెప్పిస్త."

"ఎన్నడు తెప్పిస్తవు? చందూలాల్ సేటు అప్పుడే పెయింటర్ను మాట్లాడుకున్నడు."

"శనివారం."

"అట్లయితె మీటింగు శనివారానికి జరుపుత. నలభై ఏండ్ల సంది వింటున్న గీ ముచ్చట, ఒక్కపారన్న కండ్ల జూస్త. కాయితం రాకపోతె మాత్రం నన్ననొద్దు. చందూలాల్ సేటు ఫ్యాన్లు కండ్ల ముందట తిరుగుతున్నయి."

ఆమె కొంగుముడి విప్పింది. రామచంద్రం నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు. బోణి అయింది. ఇక 'లేదు' అనడానికి ఏ అడ్డూ లేదు. కాని అడిగిన మనిషి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి సంగతి చెప్తే, గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న కూతురు శ్రావ్య పుస్తకం మూసింది.

"గోదాంల ఎందుకుంటది డాడీ? ఢిల్లీల ఉంటది. పార్లమెంటుల మాట్లాడిన పాత ముచ్చట్లన్ని ఇప్పుడు నెట్ల పెట్టిండ్రు. ఏ సంవత్సరమో చెప్పు, తీస్త."

"నేను చిన్న బడికి పోయేటప్పుడు."

"మాట్లాడిన ఎంపీ ఎవలు?"

"తెల్ల ధోతి కట్టుకునేటాయన."

"అప్పుడు అందరు గవే కట్టిండ్రు" అంటూ శ్రావ్య ల్యాప్‌టాప్ తెరిచి జనగామ అని కొట్టింది. జనగామ బోలెడు వచ్చింది. అంతా రైళ్లే. ఈ రైలు జనగామలో ఆగుతుందా, ఆగకపోతే ఎందుకు ఆగదు, ఆపే ఉద్దేశం ఉందా. ఏ కాలంలో ఏ సభ్యుడు లేచినా జనగామ పేరు చెప్పి రైలునే ఆపమన్నాడు. రామచంద్రం పక్కన కూర్చుని, సరుకు బేరం చేసినట్టు చేత్తో తోసేస్తున్నాడు.

"రైలు వద్దు. బడి సూపెట్టు."

"బడి అని కొడితే దేశంల ఉన్న బడులన్ని వస్తున్నయి."

"గండ్ల మన బడి ఏరుకోరాదు?"

రామచంద్రం భార్య వనమాల ఆయన కంచంలో పెరుగు వేస్తూ అంది. "లేదంటె అయిపోవు గదా. ఓదెమ్మ ఏమన్న కొడుతదా?"

"బోణి కాలే" అన్నాడు రామచంద్రం. ఆ ఇంట్లో ఆ జవాబు తర్వాత ఇంకో ప్రశ్న ఉండదు.

శ్రావ్య ఇంకో దారి చెప్పింది. పార్లమెంటులో అడిగి ఉంటే ఆ ముచ్చట కింద ఇక్కడి విద్యా కమిటీ మీటింగుల్లో కూడా వచ్చి ఉంటుంది. ఆ మీటింగుల రికార్డులు విద్యాశాఖ ఆఫీసులో ఉంటాయి. దరఖాస్తు పెడితే వెతికి ఇస్తారు.

మంగళవారం రామచంద్రం దరఖాస్తు తానే రాసుకుపోయాడు. ఆఫీసుల గురించి ఆయనకు సొంత అంచనాలు ఉన్నాయి. పాత కాగితం కావాలంటే బీరువా తాళం దొరకదు. కాబట్టి దుకాణంలో మెరిసే బిందెను ముందు వరుసలో పెట్టినట్టు, దరఖాస్తులో పార్లమెంటును ముందు పెట్టాడు. 'జనగామ ఆడపిల్లల హైస్కూలు గురించి పార్లమెంటులో అడిగిన ప్రశ్న, దాని మీద విద్యా కమిటీ మీటింగుల రికార్డులు శనివారం లోపల కావలెను.' సంవత్సరం తెలియదు కాబట్టి రాయలేదు. తెలియని సంగతి సరుకు మీద రాయకపోవడం వ్యాపారంలో తప్పు కాదు.

దరఖాస్తు తీసుకున్న గుమాస్తా యుగేందర్ మొదటి పంక్తి చదివి లేచి నిలబడ్డాడు. తన కుర్చీ తుడిచి ఇచ్చాడు.

"కూసోండ్రి సేటు. పార్లమెంటుల అడిగిండ్రా?"

"అడిగిండ్రు."

"మన బడి గురించేనా?"

"జనగామల ఆడపిల్లల హైస్కూలు ఇంకోటేడున్నది సార్?"

"మీకెట్ల తెలిసింది?"

"మా ఇంట్ల అందరికెరికే."

"శనివారం వరకే కావాల్నా? ఇంకో వారం ఆగరాదా?"

"శనివారం దాటితే పేరు పోతది సార్."

ఎవరి పేరు అని యుగేందర్ అడగలేదు. ఆఫీసులో పేరు పోయే పని వచ్చినప్పుడు ఎవరిది పోతుందో ఆయనకు అనుభవం మీద తెలుసు. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలి ఆఫీసరు గదికి నడిచాడు. కాసేపటికి లోపలి నుంచి రామచంద్రానికి చాయ్ వచ్చింది. చాయ్ మంచిగా ఉంది. దరఖాస్తు బాగా రాశానని ఆయన అనుకున్నాడు.

ఆ సాయంత్రమే వెనక గల్లీలోకి జీపు వచ్చింది. ఆఫీసరు బడి అంతా తిరిగి చూశాడు. బాత్‌రూంలకు నీళ్లు లేవు. ఒక గది కప్పు కారుతోంది. లెక్కల సారు కుర్చీలో ఎవరో గొడుగు పెట్టారు. శనివారం లోపల ఢిల్లీకి జవాబు పోవాలని ఆయన అర్థం చేసుకున్నాడు. ఢిల్లీలో అడిగింది వీటిలో దేని గురించో తెలియకుండా ఆ జవాబు రాయడం కుదరదు. సేటును నెమ్మదిగా అడిగి తెలుసుకు రమ్మని యుగేందర్‌ను పురమాయించాడు.

యుగేందర్ మూల మీద కూరగాయల బండి దగ్గర ఆగి, సేటును ఎప్పుడు కలిస్తే బాగుంటుందని ఓదెమ్మను అడిగాడు. విషయం ఏమిటని ఆమె అడిగింది. ఆయన చెప్పాడు. ఓదెమ్మ చేతిలో తక్కెడ కాసేపు అలాగే ఆగింది. రామచంద్రం దుకాణం పక్కన బండి పెట్టుకుని ఆమెకు చాలా ఏళ్లయింది.

"పొద్దుగాల షట్టరు లేపంగనే పో సారు" అంది. "ఇంకెవలు రాకముందే నిలబడు. పొద్దెక్కినంక సేటు మాట మారుస్తడు. ఏదడిగినా సక్కగ అడుగు, ఉన్నదా లేదా అని. ఆ లెక్కల సారు ముచ్చట మర్వకు."

బుధవారం పొద్దున ఊదుబత్తి వెలిగేసరికి యుగేందర్ దుకాణం ముందు ఉన్నాడు.

"సేటు, ఆ ప్రశ్నల నీళ్ల ముచ్చట గూడ ఉన్నదా?"

ఏ నీళ్లో రామచంద్రానికి అర్థం కాలేదు. కాని పొద్దున వచ్చిన మొదటి మనిషి అడుగుతున్నాడు.

"ఉన్నది."

"కప్పు కారుడు?"

"ఉన్నది."

"లెక్కల సారు?"

ఇక్కడ రామచంద్రం కొంచెం తటపటాయించాడు. ఊదుబత్తి వైపు చూశాడు. "ఉన్నది" అన్నాడు.

"ప్రశ్న కాపీ?"

"గోదాంల ఉన్నది. శనివారం తెప్పిస్త."

యుగేందర్ ఏమీ కొనకుండానే పరుగెత్తాడు. ఆనాడు బోణి ఆలస్యమైంది. దాని గురించే రామచంద్రం మధ్యాహ్నం దాకా చికాకుపడ్డాడు.

ఆ తర్వాత గల్లీలో సందడి పెరిగింది. మోటారు మేస్త్రీ వచ్చాడు, పైపులు వచ్చాయి, కప్పు మీదికి ముగ్గురు మనుషులు ఎక్కారు. గోడలు గీకడం మొదలైంది. రామచంద్రం గద్దె మీద కూర్చుని అంతా చూస్తూ, అన్నం తెచ్చిన వనమాలతో అన్నాడు.

"ఒక్క పాత కాయితం కోసం కప్పు గూడ ఇప్పి చూస్తుండ్రు. సర్కారోళ్లు గింత దేవులాడుతరనుకోలే."

"కప్పుల కాయితం ఎందుకుంటది?"

"అప్పటోళ్లు ఏడ దాచిపెట్టిండ్రో ఎవలకెరుక."

వనమాల టిఫిన్ డబ్బా మూత తీసి ముందు పెట్టింది.

మిగిలింది లెక్కల సారు. ఆఫీసరు మహబూబాబాద్‌కు ఫోన్ చేశాడు. అక్కడ లెక్కల సార్లు తమకే తక్కువని చెప్పారు. భూపాలపల్లికి చేశాడు. కాటారం దగ్గర భీమ్లా అనే సారు ఉన్నాడు. ఆయన భార్య జనగామ దవాఖానలో నర్సు. ఇటు బదిలీ చేయమని ఏటా అర్జీ పెట్టడం, ఏటా రాకపోవడం ఆయనకు దసరా దీపావళిలా అలవాటైపోయింది. పార్లమెంటు మాట ఎత్తగానే కాగితాలు కదిలాయి. డిప్యుటేషన్ ఆర్డరు చేతికి ఇస్తుంటే భీమ్లా తీసుకోలేదట. ఎవరో తమాషా చేస్తున్నారనుకున్నాడు. శుక్రవారం పొద్దున జనగామ బస్టాండులో బ్యాగుతో దిగి, నేరుగా బడికి వచ్చి బోర్డు మీద లెక్క వేసి, వేసిన తర్వాతే నీళ్లు తాగాడు.

భాగ్య ఇంటికి పోయి నానమ్మకు చెప్పింది. ఓదెమ్మ రామచంద్రం దుకాణానికి వచ్చి, ఏమీ అనకుండా రెండు సొరకాయలు పెట్టిపోయింది. ఎందుకిచ్చిందో ఆయనకు తెలియలేదు. ఇచ్చిన సరుకును ఎందుకని అడగడం ఆయనకు అలవాటు లేదు.

కాగితం మాత్రం రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం రామచంద్రానికి అన్నం దిగలేదు. రేపు మీటింగులో ఓదెమ్మ చేయి చాపుతుంది. చూపడానికి ఏమీ లేకపోతే గోడ పోతుంది. గోడ పోతే ఫర్వాలేదు, తండ్రి చెప్పింది అబద్ధమని తేలుతుంది. ఇన్నాళ్లు ఊరంతా తీసుకుపోయిన మాట ఒక్కరోజులో వాపసు వస్తుంది.

"నాయినమ్మ ఏమన్న చెప్పేదా అమ్మా, బడి గురించి?" అని శ్రావ్య తండ్రిని వదిలి తల్లి వైపు తిరిగింది. తల్లి పెదవి విరిచింది.

"మీ నాయినమ్మనా? ఆమె ఎప్పుడు ఉల్లిగడ్డల ముచ్చటే చెప్పేది. ఆడపిల్లలకు బడి లేకుంటే మీ తాత గోదాం ఇచ్చిండంట. బస్తాల నడుమ కూసోని చదువుకునేటోళ్లంట. కండ్లెంబడి నీళ్లు కార్చుకుంట ఇంటికి పోతె, పంతులు కొట్టిండని తల్లులు లొల్లికి వచ్చేటోళ్లంట."

"ఈ ముచ్చట నాకెందుకు చెప్పలే?" అన్నాడు రామచంద్రం.

"మీరు ఎన్నడన్న మీ అమ్మ చెప్పింది వినుకుంట కూసున్నరా? నేను కూసున్న."

శ్రావ్య జనగామను, బడిని పక్కన పెట్టి ఇంగ్లీషులో ఉల్లిగడ్డలు, గోదాం, ఆడపిల్లలు అని కొట్టింది. మసకబారిన పాత పేజీ ఒకటి తెర మీదికి వచ్చింది. శ్రావ్య చదివింది. మళ్లీ చదివింది. రామచంద్రం ఆమె ముఖం చూస్తున్నాడు.

"తాత పేరు ఉన్నది డాడీ."

రామచంద్రం అన్నం కంచం దగ్గరికి జరుపుకున్నాడు.

శనివారం సాయంత్రం మీటింగు కొత్త లైబ్రరీ గదిలోనే పెట్టారు. చందూలాల్ ఫ్యాను కింద చందూలాల్, ఎదురుగా ఓదెమ్మ, పక్కన బడి పెద్దమేడం, చివరన భీమ్లా సారు కూర్చున్నారు. ఎవరూ పిలవకుండానే ఆఫీసరు కూడా వచ్చాడు. యుగేందర్ చేతిలో లావుపాటి ఫైలు ఉంది. దాని మీద 'పార్లమెంటు ప్రశ్న: సమాచార సేకరణ' అని రాసి ఉంది.

"నీళ్లు వచ్చినయి, కప్పు అయింది, సారు వచ్చిండు" అన్నాడు ఆఫీసరు. "సేటు, ప్రశ్న కాపీ ఇస్తె ఇప్పుడే జవాబు పంపిస్త."

దాని కోసమే ఎదురుచూస్తున్న రామచంద్రం, ఊరంతా తనకోసం ఇంత పని చేసిందన్న మర్యాదతో శ్రావ్య వైపు చేయి చూపాడు. శ్రావ్య లేచి తెలుగులో చెప్పింది.

"పందొమ్మిది వందల డెబ్బై రెండు. జనగామలో ఆడపిల్లలు బడి లేక శ్రీ వీరమల్లయ్య అనే వ్యాపారి గోదాములో ఉల్లిగడ్డల బస్తాల మధ్య కూర్చుని చదువుతున్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా? వస్తే, తీసుకున్న చర్యలేమిటి?"

ఆఫీసరు యుగేందర్ వైపు చూశాడు. యుగేందర్ ఫైలు వైపు చూశాడు.

"డెబ్బై రెండా?" అన్నాడు ఆఫీసరు. "సేటు, నువ్వు యాభై ఏండ్ల కింది కాయితం అడిగినవా?"

"అవును సార్. మీరు గందుకే కప్పు ఇప్పిండ్రు గదా?"

భీమ్లా సారు కాళ్ల దగ్గరి బ్యాగును మెల్లగా ఒళ్లోకి తీసుకున్నాడు. ఆయనకు ఆర్డర్లు వెనక్కిపోవడం కొత్త కాదు. అప్పుడు ఓదెమ్మ గొంతు సవరించుకుంది.

"బిడ్డా శ్రావ్యా, దానికి మంత్రి ఏం జవాబిచ్చిండు?"

"సమాచారం సేకరిస్తున్నరు, రాంగనే సభ ముందట పెడ్తరు అని."

"మళ్ల పెట్టిండ్రా?"

"ఎంత దేవులాడినా దొరకలే అవ్వా."

"అయితె సారు" అంది ఓదెమ్మ ఆఫీసరుతో, "ఆ సమాచారం ఇంక సేకరించుడే ఉన్నది గదా. మీరు జేసింది తప్పెట్లయితది? జర ఆలస్యమైంది, గంతే."

ఆఫీసరు ఫైలు మీద రాసింది మరోసారి చదువుకున్నాడు. పని రద్దు చేయాలంటే ఎందుకు రద్దు చేస్తున్నదీ రాయాలి. అది రాయాలంటే ఎందుకు చేసిందీ రాయాలి. ఆ రెండో కాగితం ఎవరు చదివినా బాగుండదు. ఆయన కలం తీసి, 'సమాచారం సేకరించడమైనది' అని రాసి సంతకం పెట్టాడు. భీమ్లా సారు బ్యాగును మళ్లీ కింద పెట్టాడు.

ఇక గది పేరు మిగిలింది. రామచంద్రం చొక్కా సర్దుకున్నాడు.

"సేటూ, నీ మాట నిజమే" అంది ఓదెమ్మ. "గోదాంల ఉన్నదన్నవు, గోదాంలనే ఉన్నది. మీ బాపు పేరు పార్లమెంటుల పడ్డది. అంత పెద్ద జాగల ఉన్నంక మళ్ల ఈ చిన్న గోడ మీద ఎందుకు? పాపం, చందూలాల్ సేటు వాళ్ల నాయిన పేరు ఏడ లేకపాయె. ఫ్యాను మీద ఉన్నా కనపడకపాయె."

అందరూ రామచంద్రం వైపు చూశారు. బోణి ఎప్పుడో అయిపోయింది. కాదనడానికి నియమం అడ్డు రాదు. కాని తండ్రి పేరు పార్లమెంటులో ఉన్నదని నలభై ఏళ్లు చెప్పిన మనిషి, అది చాలదని ఏ నోటితో అంటాడు?

"కానీయి" అన్నాడు.

సోమవారం పొద్దున షట్టరు ఎత్తేసరికి కాటారం నుంచి మొదటి బస్సుకు వచ్చిన ఐలేశ్ అనే రైతు దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. "సేటూ, మా లెక్కల సారును మీరు పార్లమెంటు నుంచి గుంజుకచ్చుకున్నరంట గదా. మా బడి గురించి గూడ అండ్ల ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. రామచంద్రం ఊదుబత్తి వెలిగించి, పొగ వైపు కాసేపు చూసి, "ఎప్పటివరకు కావాలె?" అన్నాడు.

మొత్తం మీద బడికి నీళ్లు, కప్పు, సారు వచ్చాయి. చందూలాల్‌కు గోడ వచ్చింది. వీరమల్లయ్య పార్లమెంటులో ఉల్లిగడ్డల పక్కన ఉన్నచోటే ఉన్నాడు. కాటారం వాళ్ల పని శ్రావ్య ల్యాప్‌టాప్ మీద ఉంది. రామచంద్రానికి మాత్రం ఈ వ్యవహారంలో మిగిలింది రెండు సొరకాయలు, ఒక గరిటె అమ్మకం. గరిటె పిడి ఊగుతోందని ఓదెమ్మ మర్నాడు తెచ్చి మార్చుకుపోయింది.